బాకా స్పీకర్లూ, కోట్ల ఖరీదు పెట్టెలూ

సభకు వచ్చిన పెద్దలకూ, మిత్రులకూ నమస్కారం.

మొదట మీ చేత ఒక చిన్న పని చేయిస్తాను. అందరూ ఒకసారి మామూలుగా "ఆ" అని పలకండి. ఇప్పుడు రెండు అరచేతులూ నోటికి ఇరువైపులా ఆనించి, వేళ్లు ముందుకు విచ్చుకునేలా పట్టి, అంతే ఊపిరితో మళ్లీ "ఆ" అనండి. మీరు గొంతు పెంచలేదు, శ్రమ ఏమీ ఎక్కువ పడలేదు, అయినా ముందు వరుసలో ఉన్నవారికి శబ్దం స్పష్టంగా పెరిగింది. పక్కన కూర్చున్నవారికి మాత్రం అంతగా పెరగలేదు. దానితోపాటు గొంతు రంగు కూడా కాస్త మారి, కొంచెం ముక్కుతో పలికినట్టు వినిపించింది. పొలం గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీది మనిషిని కేకేసే ప్రతివారికీ ఈ విద్య తెలుసు. ఈ సాయంత్రం నేను చెప్పబోయే విషయంలోని మంచీ చెడూ రెండూ ఆ ఒక్క "ఆ"లోనే ఉన్నాయి: తక్కువ శక్తితో ఎక్కువ శబ్దం, కావలసిన దిక్కుకే శబ్దం, ఆ సౌకర్యానికి బదులుగా గొంతు మీద పడే ఒక రంగు.

మన ఊళ్లలో గుడి గోపురం మీదా, పెళ్లిపందిరి గుంజకూ కట్టే మైకు సెట్టు బాకాను చూసి, హారన్ స్పీకరు అంటే గీపెట్టే వస్తువు అనుకోవడం చాలామందికి అలవాటు. అయితే సంగీతాన్ని ఇంట్లో కూర్చుని వినడానికి తయారైన గొప్ప హారన్ స్పీకర్లు కొన్ని ఉన్నాయి. అమెరికాలో, ఇంగ్లండులో సుమారు 80 ఏళ్ల కిందట పుట్టిన ఆ నమూనాలను ఇప్పటికీ కొనేవారున్నారు, మరమ్మతు చేయించుకుని వాడేవారున్నారు. మరోవైపు కోట్ల రూపాయల ఖరీదుతో, అల్యూమినియం దిమ్మెలను చెక్కి, వజ్రాన్నీ, బెరీలియం అనే లోహాన్నీ డయాఫ్రాలుగా, అంటే కంపించి శబ్దం పుట్టించే పొరలుగా, అమర్చి చేస్తున్న కొత్త స్పీకర్లు వస్తున్నాయి. ఈ రెంటిలో ఏది గొప్పది అని నన్ను తరచుగా అడుగుతుంటారు. నా ఉద్దేశంలో ఇవి రెండూ ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులు కావు. వాట్లు అరుదుగా దొరికిన కాలం అడిగిన ప్రశ్న ఒకటి, ఇంట్లో చోటు అరుదైపోయిన కాలం అడిగిన ప్రశ్న మరొకటి.

స్పీకరు చేసే పని చెప్పడానికి సులువు. ఒక కాగితపు కోనునో, లోహపు పొరనో ముందుకూ వెనక్కూ కదిపి గాలిని కదిలించాలి. కష్టమంతా గాలి పలచన కావడంలో ఉంది. ఖాళీ చేతిని గాలిలో ఎంత ఊపినా చెయ్యి నొప్పి పుడుతుంది గాని గాలి పెద్దగా కదలదు. చేతికీ గాలికీ పట్టు కుదరదు. పెట్టెలో బిగించిన మామూలు కోను పరిస్థితి అదే. ఇంట్లో వాడే సగటు పెట్టె స్పీకరుకు 1 వాటు ఇస్తే 1 మీటరు దూరంలో 86 నుంచి 88 డెసిబెల్ల శబ్దం వస్తుంది. వినడానికి అది చాలానే అనిపించవచ్చు గాని, లెక్క తీస్తే మనం ఇచ్చిన విద్యుత్తులో శబ్దంగా మారింది నూటికి అర పాలు కూడా ఉండదు. మిగిలినదంతా వాయిస్ కాయిల్లో, అంటే కోనును కదిపే తీగచుట్టలో, వేడిగా పోతుంది.

బాకా ఈ పట్టును కుదురుస్తుంది. నాదస్వరాన్ని గుర్తు తెచ్చుకోండి. పెదవుల దగ్గర సన్నని సీవాళి, అక్కడినుంచి క్రమంగా వెడల్పయ్యే గొట్టం, చివర పువ్వులా విచ్చుకున్న గిన్నె. హారన్ స్పీకరులో కూడా డయాఫ్రం ఎదుట ఇరుకైన గొంతు ఉంటుంది. ఆ ఇరుకులో గాలికి పక్కకు తప్పుకునే చోటు లేదు కనుక డయాఫ్రం కొద్దిగా కదిలినా అక్కడ ఒత్తిడి బలంగా పుడుతుంది; ఆ బలమైన ఒత్తిడి, గొట్టం వెడల్పవుతున్న కొద్దీ, ఎక్కువ గాలిని నెమ్మదిగా కదిపే ఒత్తిడిగా మారుతూ బయటకు వస్తుంది. ఈ వెడల్పు పెరగడం ఎక్కువ నమూనాల్లో చక్రవడ్డీ పద్ధతిలో ఉంటుంది: ప్రతి జానెడుకూ వైశాల్యం ఇన్ని రెట్లు అని ఒక నిష్పత్తి పెట్టుకుంటే చివరిదాకా అదే నిష్పత్తి. బాకా కొత్తగా శక్తిని పుట్టించదు. ఉన్న శక్తి వేడిగా పోకుండా గాలికి చేరేలా చూస్తుంది, అంతే.

ఇంతటి మేలు ఊరికే రాదు. 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు కంపించే మంద్రస్వరం, దాని శబ్దతరంగం పొడవు సుమారు 7 మీటర్లు. ఆ స్వరాన్ని సరిగా పలకాలంటే బాకా నోటి చుట్టుకొలత కూడా దాదాపు అంత ఉండాలి, అంటే నోరు 2 మీటర్ల పైచిలుకు వెడల్పు. మన ఇళ్లలో అంత నోరు పట్టే గది ఎన్ని ఇళ్లకుంది? హారన్ స్పీకర్ల చరిత్రలో ఎక్కువ భాగం ఈ నోటిని ఎక్కడ దాచాలన్న ఆలోచనే.

సినిమా హాలుకు ఆ బెంగ లేదు. 1926లో న్యూయార్క్‌లో వార్నర్ బ్రదర్స్ వైటాఫోన్ పద్ధతిలో తెరమీది బొమ్మకు శబ్దాన్ని జతచేసినప్పుడు హాలంతా వినిపించే బాధ్యత వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి 555 అనే డ్రైవరు మీద, అంటే బాకా గొంతు దగ్గర డయాఫ్రాన్ని కదిపే యంత్రం మీద, పడింది. బెల్ ప్రయోగశాలలో వెంట్, థురాస్ అనే ఇంజనీర్లు దాన్ని రూపొందించారు. ఆ రోజుల్లో ఆంప్లిఫయరు నుంచి వచ్చే శక్తి చాలా కొద్ది. ఆ తర్వాత పేరు పొందిన 300బి వాల్వును, అంటే సంకేతాన్ని పెంచే గాజు గొట్టాన్ని, ఒక్కదాన్ని వాడితే వచ్చేది 8 వాట్లు. ఇప్పుడు చేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు మీద అంతకన్నా పెద్ద అంకె అచ్చువేస్తున్నారు. ఆ 8 వాట్లతో వందల మందికి వినిపించాలంటే బాకా తప్ప గత్యంతరం లేదు. 1933లో బెల్ ప్రయోగశాల వారు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను టెలిఫోను తీగల మీదుగా వాషింగ్టన్ సభాభవనానికి మూడు చానెళ్లలో పంపి, అక్కడ వేదిక మీద వాద్యబృందమే ఉన్నట్టు వినిపించారు. ఆ రాత్రి ఆ వేదిక మీద ఉన్నవి హారన్ స్పీకర్లే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్ల వయసులో నేను కోస్తాలోని ఒక పట్టణంలో సినిమా హాళ్లలో సౌండు బాగుచేసే పని నేర్చుకున్నాను. సినిమా తెర నిండా సన్నని చిల్లులుంటాయని, మాట ఆ చిల్లుల గుండా వస్తుందని నాకు మొదటిసారి తెర వెనక్కి వెళ్లినప్పుడే తెలిసింది. అక్కడ బీరువా కన్నా ఎత్తైన చెక్కపెట్టె ఒకటి నోరు తెరుచుకుని నిలబడి ఉంది. దానిమీద లోహపు బాకా, తేనెపట్టులా గదులు గదులుగా, ఒక్కో గది ఒక్కో దిక్కుకు తిరిగి ఉంది. దాని వెనుక కట్టిన బరువైన అయస్కాంతపు డ్రైవరు మూత మరలు విప్పి మా మేస్త్రి నాకు లోపలి పొరను చూపించారు. మూడంగుళాల వెడల్పు కూడా లేని అల్యూమినియం గిన్నె, ఉల్లిపొరంత పలచన. వేలి కొస తగిలితే సొట్ట పడుతుంది కనుక ముట్టుకోవద్దన్నారు. సాయంత్రం ఆట మొదలయ్యాక, పైన పంకాలు తిరుగుతూ, జనం గోల చేస్తూ ఉన్న ఆ హాల్లో కథానాయిక గుసగుసగా అన్న మాట చివరి బెంచీ దాకా అక్షరం పోకుండా అందింది. దాన్ని మోసుకొచ్చింది ఉదయం నేను చూసిన ఆ పొర. నలభై ఏళ్లు గడిచినా ఆ ఆశ్చర్యం నాలో తగ్గలేదు. నేను ఈ విద్యలో ఉండిపోవడానికి కారణం కూడా అదే.

1930ల మధ్యలో ఎం.జి.ఎం. స్టూడియో కోసం డగ్లస్ షియరర్ ఆధ్వర్యంలో తయారైన పద్ధతి గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఈనాటి ఖరీదైన స్పీకర్లలోని ఒక ముఖ్యమైన ఆలోచనకు వేరు అక్కడుంది. అంతకుముందున్న ఏర్పాట్లలో మంద్రస్వరాల బాకా చాలా పొడవు, తారస్వరాల బాకా పొట్టి. నర్తకి పాదం నేలకు తాకిన చప్పుడు ఒక్కటే అయినా, దాని పైభాగం పొట్టి బాకాలోంచి ముందుగా, కింది భాగం పొడవు బాకాలోంచి ఆలస్యంగా వచ్చి, రెండు చప్పుళ్లుగా వినిపించేది. రెండు దారుల మధ్య 8 అడుగుల తేడా ఉంటే సుమారు 7 మిల్లీసెకన్ల ఆలస్యమవుతుంది. షియరర్ బృందంలోని జాన్ హిలియర్డ్ వంటి ఇంజనీర్లు మంద్రపు బాకాను పొట్టిగా చేసి, రెండు డ్రైవర్లనూ దాదాపు ఒకే దూరానికి తెచ్చి, ఆ దోషాన్ని వదిలించారు. ఆ స్పీకర్లను తయారుచేయడంలో పాలుపంచుకున్న జేమ్స్ లాన్సింగ్ తర్వాత ఆల్టెక్ లాన్సింగ్‌లో పనిచేసి, 1946లో బయటకు వచ్చి పెట్టిన సంస్థే జేబీఎల్. ఆల్టెక్ వారు 1945లో మొదలుపెట్టిన "వాయిస్ ఆఫ్ ది థియేటర్" వరుస కొన్ని దశాబ్దాలపాటు ప్రపంచంలోని సినిమా హాళ్లకు గొంతుగా నిలిచింది.

ఇక ఇంటి సంగతి. బాకా నోటిని ఇంట్లో దాచే ఉపాయాల్లో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు ఆలోచన. ఆయన రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, హోప్ అనే చిన్న ఊరి దగ్గర సైనిక ఉద్యోగం చేసి, యుద్ధం ముగిశాక 1946లో అక్కడే కంపెనీ పెట్టారు. ఆయన చేసింది ఏమిటంటే, గది మూలను బాకాలో భాగం చేసుకోవడం. రెండు గోడలూ నేలా కలిసేచోట శబ్దం పోవడానికి మిగిలే దారి ఆరుబయటతో పోలిస్తే ఎనిమిదో వంతు. కాబట్టి బాకా నోరు కూడా ఎనిమిదో వంతు వైశాల్యం ఉంటే సరిపోతుంది. మంద్రస్వరాలు పలికే 15 అంగుళాల వూఫరు ఎదుట చెక్కపలకలతో మలుపులు తిప్పిన గొట్టం పెట్టి, ఆ గొట్టం చివరి భాగం బాధ్యతను ఇంటి గోడలకే అప్పగించారు. నాలుగు అడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ పెట్టెను మూలలో ఆనించినప్పుడు గది మొత్తం వాద్యమవుతుంది. కంపెనీ ఇచ్చే లెక్క ప్రకారం దానికి 1 వాటు ఇస్తే 105 డెసిబెల్లు. క్లిప్ష్‌హార్న్ అనే ఈ స్పీకరు 1946 నుంచి ఇప్పటిదాకా తయారీలోనే ఉంది. ఇటీవలి నమూనాల్లో వెనుకభాగాన్ని కూడా చెక్కతో మూసి, గోడకు పూర్తిగా అతికి ఉండవలసిన అవసరాన్ని కొంత తగ్గించారు గాని, మూల ఆలోచన మారలేదు.

105కూ 88కూ మధ్య తేడా 17 డెసిబెల్లే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతి 3 డెసిబెల్లకూ శక్తి రెట్టింపు కావాలి, ప్రతి 10 డెసిబెల్లకూ పది రెట్లు కావాలి. 17 డెసిబెల్లంటే 50 రెట్లు. డప్పు మీద కర్ర పడిన క్షణాన్ని తీసుకోండి. సగటున 85 డెసిబెల్లతో సాగుతున్న రికార్డింగులో ఆ దెబ్బ 105కు ఎగిసిందనుకుందాం. 86 డెసిబెల్ల పెట్టె స్పీకరు 1 మీటరు దూరంలో ఆ సగటును ముప్పాతిక వాటు పైచిలుకుతో నడిపిస్తుంది, కానీ ఆ దెబ్బకు దానికి 80 వాట్లు కావాలి. క్లిప్ష్‌హార్న్ సగటుకు వాటులో నూరోవంతు, దెబ్బకు 1 వాటు అడుగుతుంది. 80 వాట్ల ఆంప్లిఫయరు ఈ రోజుల్లో పెద్ద విషయం కాదు. కాబట్టి తేడా తీరిపోయిందని అనుకోవచ్చు. తీరలేదు. కాయిల్లోని రాగి వేడెక్కిన కొద్దీ దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. వేడి ఎక్కువైతే స్పీకరు కరెంటు తీసుకోవడం తగ్గుతుంది, అంటే సరిగ్గా బిగ్గరగా పలకవలసిన చోట కొంచెం ముడుచుకుంటుంది. రెండోది, బాకా లేని కోను మంద్రస్వరం కోసం మిల్లీమీటర్ల కొద్దీ ముందుకూ వెనక్కూ ఊగాలి. ఆ ఊగుతున్న కోను మీదే గాయకుడి గొంతు కూడా పలుకుతుంటే, దూరమవుతూ దగ్గరవుతూ ఉన్న రైలు కూతలాగా ఆ గొంతు అతి సూక్ష్మంగా వణుకుతుంది. క్లిప్ష్ తన జీవితకాలమంతా ఈ దోషం గురించి రాస్తూ, కొలుస్తూ వచ్చారు. హారన్ స్పీకరులో డయాఫ్రం కదలిక కొద్ది కనుక ఈ దోషం కూడా కొద్ది. మంచి హారన్లు విన్నవారు "ప్రయాస లేకుండా పలుకుతోంది" అని చెప్పే మాటకు ఆధారం ఇక్కడుంది. ఇది పాతకాలపు మోజు కాదు, కొలవగలిగిన గుణం.

మరి అంతటి గుణమున్న వస్తువు ఇళ్లలోంచి ఎందుకు వెళ్లిపోయింది? 1954లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకరును తెచ్చారు. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలో, చాలా మెత్తని అంచుతో కట్టిన వూఫరు. దాన్ని తిరిగి స్వస్థానానికి లాగే పని లోపల బంధించిన గాలిదే, స్ప్రింగులాగా. అల్మారా అరలో పెట్టగలిగేంత పెట్టెలోంచి అంతకుముందు బీరువాల్లోంచి మాత్రమే వచ్చిన మంద్రం వచ్చింది. దానికి చెల్లించిన ధర సామర్థ్యం. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ వాట్లకే ఎక్కువ శబ్దం, ఈ మూడింటిలో రెంటినే ఎంచుకోగలం. ఆ రంగంలోని వారు దీన్ని హాఫ్‌మన్ ఉక్కు సూత్రం అంటారు. విల్చర్ మూడోదాన్ని వదులుకున్నారు. ఆయన అదృష్టం కొద్దీ, తర్వాతి పదేళ్లలో ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు వచ్చి వాట్లను చవక చేశాయి. 1958 నుంచి స్టీరియో రికార్డులు వచ్చి, ఇంటికి ఒకటి కాక రెండు స్పీకర్లు కావలసి వచ్చాయి. ఒక మూలను బాకాకు ఇవ్వడానికి ఒప్పుకున్న ఇల్లు, ఎదురుగోడకు రెండు చివరలా రెండు మూలల్ని ఖాళీ చేయడానికి ఒప్పుకోలేదు. ఒక మూల తలుపుంటుంది, మరో మూల బీరువా. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరు పెట్టె కొలతలకూ వూఫరు గుణాలకూ మధ్య లెక్కను పూర్తిగా తేల్చిన పిమ్మట, పెట్టె స్పీకరు తయారీ ఒక నమ్మదగిన ఇంజనీరింగుగా స్థిరపడింది.

ఇప్పటి విలాసవంతమైన స్పీకర్లు విల్చర్ పెట్టె వంశానివే. వాటిలో డబ్బు ఎక్కడికి పోతుందో చూస్తే వాటి ఆశయం అర్థమవుతుంది. ఎక్కువ భాగం పెట్టెను నోరు మూయించడానికి పోతుంది. వూఫరు ముందుకు తోసినప్పుడు పెట్టె వెనక్కి నెట్టబడుతుంది, పెట్టె గోడలు తాము కూడా కొద్దిగా పాడతాయి, ఆ పాట మనకు అక్కరలేదు. కాలిఫోర్నియాలోని మాజికో వారు అందుకే ఎక్కువగా అల్యూమినియంతో పెట్టెలు కడతారు. వారి ఎం9 నమూనా ఒక్కొక్కటి సుమారు 450 కిలోలు, 2020లో వచ్చినప్పుడు జత ధర 7,50,000 డాలర్లు, అప్పటి మన రూపాయల్లో 5 కోట్ల పైమాటే. యూటా రాష్ట్రంలోని విల్సన్ ఆడియో వారు తమ సొంత మిశ్రమ పదార్థాలతో పెట్టెలు చేస్తారు. రెండో ఖర్చు డయాఫ్రాల మీద. పలచగా ఉంటూనే వంగని పదార్థం కావాలి. ఇంగ్లండులోని బోవర్స్ అండ్ విల్కిన్స్ వారు 2005 నుంచి తమ పై వరుస ట్వీటర్లకు, అంటే తారస్వరాల డ్రైవర్లకు, కృత్రిమ వజ్రపు పొరను వాడుతున్నారు, ఫ్రాన్సులోని ఫోకల్ వారు బెరీలియం వాడతారు. మూడోది, సమయం. విల్సన్ వారి పెద్ద స్పీకర్లలో మధ్యస్వర, తారస్వర డ్రైవర్లు వేరువేరు గదుల్లో ఉండి, శ్రోత కూర్చునే దూరాన్నీ చెవి ఎత్తునూ బట్టి వాటిని ముందుకూ వెనక్కూ జరిపి, అన్ని స్వరాలూ మైక్రోసెకన్ల తేడాలో చెవికి చేరేలా అమరుస్తారు. షియరర్ బృందం నర్తకి పాదాల చప్పుడు దగ్గర పట్టుకున్న దోషాన్నే వీరు ఇంకా సన్నని జల్లెడతో జల్లిస్తున్నారు. ఈ పనిలోని శ్రద్ధను నేను మనసారా గౌరవిస్తాను.

పాత హారన్ల లోపాలను కూడా అంతే సూటిగా చెప్పాలి. మీరు చేతులు అడ్డం పెట్టి పలికిన "ఆ"లో వినిపించిన ముక్కుపలుకు వాటిలో ఉంది. బాకా నోరు చాలినంత పెద్దది కానప్పుడు కొంత శబ్దం నోటి అంచు దగ్గర వెనుదిరిగి గొంతు దాకా వెళ్లి మళ్లీ వస్తుంది. డబ్బాలోంచి మాట్లాడినట్టు వినిపించడానికి అదొక ముఖ్య కారణం. లోహపు బాకా గోడలు కట్టడి లేకుండా ఉంటే గంటలా మోగుతాయి. చక్రవడ్డీ పద్ధతి బాకాలో స్వరం పైకి పోయిన కొద్దీ శబ్దం సన్నని కిరణంలా ఇరుకవుతుంది. ఎదురుగా కూర్చున్నవారికి ఒక సంగీతం, పక్క కుర్చీవారికి మరొకటి. క్లిప్ష్‌హార్న్‌లో మడతలు తిరిగిన మంద్రపు బాకాకూ పైనున్న తారపు బాకాకూ మధ్య ఆలస్యం ఇప్పటికీ ఉంది. కొత్త నమూనాలతో కలిపి వాడే విద్యుత్ సర్దుబాట్లు దాన్ని సరిచేస్తాయి గాని పాత జతల్లో అది ఉండి తీరుతుంది. మెరుగైన పెట్టె స్పీకరు ఈ అన్ని విషయాల్లో పాత హారనుకన్నా సమానంగా, నిజాయితీగా పలుకుతుంది. అన్ని స్వరాలూ సమమైన బలంతో, పక్కలకు కూడా క్రమం తప్పకుండా వెళ్లే స్పీకర్లనే ఎక్కువమంది శ్రోతలు, అదేమిటో తెలియకుండా విన్నప్పుడు, ఇష్టపడతారని కెనడాలో ఫ్లాయిడ్ టూల్ 1980లలో సాగించిన పరిశోధనలు చూపించాయి.

అయితే ఈ లోపాలు బాకా జాతకంలో రాసినవి కావు. 1970ల మధ్య డాన్ కీల్ అనే ఇంజనీరు, ఏ స్వరానికైనా శబ్దం ఒకే వెడల్పులో పరుచుకునే బాకా రూపాన్ని తేల్చారు. 1981లో జేబీఎల్ వారు రికార్డింగు స్టూడియోల కోసం తెచ్చిన 4430 అనే స్పీకరులో అలాంటి బాకా ఉంది. జర్మనీలో ఆవాంట్‌గార్డ్ అకౌస్టిక్ వారు ట్రియో నమూనాలో సుమారు 1 మీటరు వ్యాసమున్న బాకాను పెట్టి, మంద్రానికి వేరే ఆంప్లిఫయర్లు ఇచ్చారు. జేబీఎల్ 2006లో తెచ్చిన ఎవరెస్టు అనే స్పీకరులో హారను వెనుక ఉన్న డయాఫ్రం బెరీలియం. మూసిన పెట్టెలకు పేరుబడిన మాజికో వారు కూడా అల్టిమేట్ అనే పేరుతో హారన్ పద్ధతిని తయారుచేశారు. రెండు వంశాలూ పైకి వెళ్లిన కొద్దీ ఒకదాని పెరట్లోకి మరొకటి నడుస్తున్నాయి. పాత ఆకారాన్ని అలాగే పూజించేవారితోనూ, హారన్ అనగానే పెదవి విరిచేవారితోనూ నాకు ఏకీభావం లేదు.

కొద్ది నెలల కిందట ఒక మిత్రుని ఇంట్లో ఈ రెండు రకాలనూ ఒకే మధ్యాహ్నం విన్నాను. ఒకటి అల్యూమినియం పెట్టెల కొత్త జత, మరొకటి 1960ల నాటి మూల హారన్లు. తీగలు మార్చుకుంటూ ఒకే కచేరీ రికార్డింగును నాలుగు సార్లు విన్నాం. కొత్త పెట్టెల్లో గాయని ఎక్కడ కూర్చుందో వేలు పెట్టి చూపించవచ్చు. తంబురా ఆమె వెనుక, కాస్త ఎడమకు. స్వరం మొదలయ్యే ముందు ఆమె పెదవులు విడివడిన తడి చప్పుడు వినిపించింది. హారన్లలో ఆ తడి వినిపించలేదు, తంబురా గాయని పక్కకు వచ్చేసింది. తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా పలికే భాగం, మొదలైంది. మృదంగం ఎడమవైపు మూతకు రవ్వ పూసిన చోట అరచెయ్యి పడి, ఆ నాదం కిందికి జారి, వెంటనే కుడివైపు కరణి మీద వేలి దెబ్బ పడ్డప్పుడు, కొత్త పెట్టెలు ఆ దెబ్బను చక్కగా చిత్రించాయి. హారన్లు ఆ దెబ్బ కొట్టాయి. గదిలో నలుగురం ఉన్నాం, నలుగురి తలా ఒకేసారి పైకి లేచింది. నా వరకు నేను తంబురా చోటును వదులుకుని ఆ దెబ్బను ఉంచుకుంటాను. గాత్రాన్ని మెల్లగా, రాత్రిపూట, దగ్గర కూర్చుని వినేవారు కొత్త పెట్టెలను ఎంచుకుంటే వారిది తప్పు ఎంతమాత్రం కాదు.

మన ఇళ్ల సంగతి ఒక మాట. సిమెంటు గోడలు, గ్రానైటు నేల, తక్కువ పరదాలు. చప్పట్లు కొడితే గది తిరిగి కొడుతుంది. అన్ని వైపులా శబ్దాన్ని పంచే స్పీకరు ఇలాంటి గదిలో గోడల చేత ఎక్కువ మాట్లాడిస్తుంది. మంచి దిశాగుణమున్న హారను శబ్దాన్ని మన వైపుకే పంపి, పక్కగోడలకు తక్కువ పని ఇస్తుంది కాబట్టి ఇక్కడ దానికి ఒక అనుకూలత ఉంది. గదిని బాగుచేయకుండా స్పీకరు మీద లక్షలు పోసేవారికి నేనిచ్చే సలహా ఒక్కటే: ముందు నేలమీద మందపాటి జంపఖానా పరిచి, పక్కగోడకు పుస్తకాల అల్మారా పెట్టి, అప్పుడు వినండి.

ఇక ధర. 1994లో టూల్, షాన్ ఓలివ్ కలిసి ఒక ప్రయోగం చేశారు. అవే స్పీకర్లను అవే మనుషులకు ఒకసారి చూపిస్తూ, ఒకసారి తెర వెనుక దాచి వినిపించారు. కంటికి కనిపించినప్పుడు పెద్దవీ, ఖరీదైనవిగా కనబడేవీ మార్కులు పెంచుకున్నాయి, చిన్నవి పోగొట్టుకున్నాయి. వాళ్లలో అనుభవం ఉన్న శ్రోతలు కూడా ఉన్నారు. చెవికన్నా కన్ను ముందుగా తీర్పు చెప్పేస్తుందన్న మాట నాకూ వర్తిస్తుంది, అందుకే నా మిత్రుని ఇంట్లో నేను విన్నదాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. అక్కడ రెండు జతలూ కళ్లెదుటే ఉన్నాయి.

ఈ సాయంత్రం ఆ పొరపాటు జరగకుండా ఏర్పాటు చేశాం. వేదిక మీద మీరు చూస్తున్న పలచని నల్లగుడ్డ వెనుక రెండు జతల స్పీకర్లున్నాయి. ఒకటి రెండు మూలలకూ ఆనించిన పాత హారన్లు, మరొకటి గోడకు నాలుగు అడుగులు ముందుకు నిలిపిన కొత్త పెట్టెలు. ఒకటి కాస్త బిగ్గరగా మోగినా అదే మెరుగనిపించే గుణం మన చెవికుంది కనుక, మూడో వరుస మధ్యలో శబ్దం కొలిచే మీటరు పెట్టి రెండింటి శబ్దాన్నీ సమం చేశాను. ప్రతి ముక్కనూ రెండుసార్లు వినిపిస్తాం. ఏది ముందో నాకు కూడా తెలియదు, మీట నొక్కే అబ్బాయి నాణెం ఎగరేసి నిర్ణయిస్తాడు. మీ చేతిలోని కాగితం మీద ఏది నచ్చిందో, ఎక్కడ నచ్చిందో రాయండి. మొదటిది నాదస్వరం, డోలుతో. వెనుక తలుపు దగ్గరున్నవారు దయచేసి దీపాలు తగ్గించండి.